ఈ పక్షి పేరేంటి మేడమ్?



సంక్రాంతి సెలవులయ్యి స్కూల్ తెరిచిన దగ్గర్నుంచి నా ఫోన్ నిండా పక్షుల ఫోటోలే. ఊరెళ్లినప్పుడు చెరువు గట్టు మీదో, పొలంలోనో, కాలవ పక్కనో కనిపించిన పక్షిని ఫోటో తీసి, పేరు రాసి తీసుకురమ్మని మా నేచర్ క్లబ్ పిల్లలకు చెప్పాం. ఫోటోలు పిల్లలు తీశారు. పేర్లు మాత్రం మీరు అడుగుతున్నారు. "ఈ పక్షి పేరేంటి మేడమ్? రేపు ప్రాజెక్ట్ సబ్మిట్ చేయాలి" అని రాత్రి పదింటికి కూడా మెసేజ్‌లు వస్తున్నాయి. నాకు సంతోషమే. పిల్లల ప్రాజెక్ట్ కోసం ఇంటిల్లిపాదీ కలిసి ఒక పక్షి వైపు చూశారంటే అంతకన్నా ఏం కావాలి?

ఈసారి వచ్చిన ఫోటోల్లో ఒక సంగతి గమనించాను. పేరు దొరకనివన్నీ అరుదైన పక్షులేమీ కావు. మనం రోజూ చూసే కొంగలు, తీతువులు, వాటి చుట్టాలే. కాకపోతే అవి ఇంకా పిల్లలు. పొడుగు కాళ్లతో నీళ్లలోనో బురదలోనో నడుస్తూ మేత వెతుక్కునే పక్షుల్లో పిల్లకీ పెద్దకీ తేడా చాలా ఎక్కువ. అందుకే ఈ నెల నా పేజీ వాటికి కేటాయిస్తున్నాను.

యాప్ తప్పా, పుస్తకం తప్పా?

ఏడో తరగతి అమ్మాయి ఒకరు గుంటూరు దగ్గర అమ్మమ్మ వాళ్ల ఊళ్లో ఒక ఫోటో తీసింది. చెరువు మధ్య తుమ్మచెట్టు మీద మాసిన బూడిద రంగు పక్షి. ఫోటో చూపించగానే వాళ్ల నాన్నగారి ఫోన్‌లోని యాప్ 'ఏషియన్ ఓపెన్‌బిల్' అని చెప్పింది. మన ఊళ్లలో నత్తగుల్ల కొంగ అంటాం. అమ్మాయి లైబ్రరీ పుస్తకం తెరిచి చూసింది. ఈ కొంగకు పై ముక్కు, కింది ముక్కు మధ్య సందు ఉంటుందని, అదే దాని గుర్తని అందులో ఉంది. ఆమె ఫోటోలోని పక్షికి సందు లేదు. ముక్కు మామూలుగా మూసుకునే ఉంది. "యాప్ తప్పా, పుస్తకం తప్పా మేడమ్?" అని అడిగింది.

రెండూ తప్పు కాదు. పుస్తకంలో ఉన్నది పెద్ద కొంగ బొమ్మ. నత్తగుల్ల కొంగ పిల్లకు పుట్టుకతో ఆ సందు ఉండదు. పెరిగే కొద్దీ ఏర్పడుతుంది. నత్తల్ని పట్టి, గుల్లలోంచి మాంసం లాక్కుని తినే పక్షి ఇది. ఏ గుర్తు వల్ల దానికి ఆ పేరు వచ్చిందో ఆ గుర్తే పిల్లలో కనిపించదు. అందుకే పుస్తకం ముందు పెట్టుకుని చూసేవాళ్లు "ఇది అది కాదు" అని తేల్చేస్తారు.

మరి ఎలా పోల్చుకోవాలి? ఆ అమ్మాయి నోట్‌బుక్‌లోనే సగం జవాబు ఉంది. "ముక్కులో సందు లేదు. కాని ముక్కు లావుగా, నిటారుగా ఉంది. రెక్కల చివర్లు నల్లగా ఉన్నాయి. పక్క కొమ్మ మీద సందు ఉన్న కొంగలు నాలుగు ఉన్నాయి" అని రాసుకుంది. ఎర్రకాళ్ల కొంగ పిల్ల కూడా ఇలాగే మాసిన రంగులో ఉంటుంది. గులాబీ ఈకలు గానీ, రొమ్ము మీద నల్లపట్టీ గానీ దానికి ఇంకా వచ్చి ఉండవు. అయితే దాని ముక్కు మరింత పొడుగ్గా ఉండి, చివర కొద్దిగా కిందికి వంగుతుంది. ఈ పక్షి ముక్కు వంగలేదు. అలా ఒక్కొక్కటీ సరిచూసుకుంటూ వస్తే నత్తగుల్ల కొంగ పిల్లే అని తేలింది.

"మరి మార్కులు దేనికి మేడమ్, పేరుకా?" అని వాళ్ల నాన్నగారు అడిగారు. ఆ నాలుగు వాక్యాలకండీ అన్నాను. పేరు యాప్ కూడా చెబుతుంది. లేని సందును లేదని రాయడం, ఉన్నదాన్ని ఉన్నట్టు రాయడం ఆ అమ్మాయి సొంతం.

రంగు చివర చూడండి

మనం మొదట చూసేది రంగు. పిల్ల పక్షుల విషయంలో మనల్ని ఎక్కువగా మోసం చేసేది కూడా అదే.

గేదెల వెనకాల తిరిగే తెల్లకొంగనే తీసుకోండి. ఇంగ్లిష్‌లో క్యాటిల్ ఈగ్రెట్ అంటారు. పెద్దదాని ముక్కు పసుపు. కాలవల్లో చేపలు పట్టే చిన్న తెల్లకొంగ, అంటే లిటిల్ ఈగ్రెట్ ముక్కు నలుపు. పుస్తకాల్లో ఈ తేడానే ముందు చెబుతారు. కాని గూడు వదిలిన కొత్తలో క్యాటిల్ ఈగ్రెట్ పిల్ల ముక్కు నల్లగానే ఉంటుంది. లిటిల్ ఈగ్రెట్ పిల్ల ముక్కేమో పెద్దదాని అంత నల్లగా ఉండదు, కాస్త వెలిసినట్టు ఉంటుంది. రంగు ఒక్కటే చూస్తే ఒకదాన్ని ఇంకొకటి అనుకుంటాం. ఆకారం చూస్తే పొరపాటు జరగదు. క్యాటిల్ ఈగ్రెట్ మెడ పొట్టి, ముక్కు పొట్టి. గదవ కింద ఈకలు ముందుకు వచ్చి, దవడ నిండుగా కనిపిస్తుంది. లిటిల్ ఈగ్రెట్ మెడ సన్నం, ముక్కు పొడుగ్గా సూదిలా ఉంటుంది.

చీకటి పడ్డాక చెరువు మీదికి వచ్చే నైట్ హెరాన్ సంగతి కూడా ఇంతే. పెద్దదానికి తల, వీపు నలుపు, రెక్కలు బూడిద రంగు. పిల్లకు ఒళ్లంతా గోధుమ రంగు, దాని మీద తెల్లటి చుక్కలు. రెండింటినీ పక్కపక్కన పెడితే ఒకే జాతి అంటే మీరు నమ్మరు. పెద్దల రూపం పూర్తిగా రావడానికి దానికి రెండు మూడేళ్లు పడుతుంది. ఈ పిల్లను మనవాళ్లు గుడ్డికొంగ అనుకుంటారు, అదీ గోధుమ రంగే కాబట్టి. ఎగిరినప్పుడు చూడండి. గుడ్డికొంగ రెక్కలు విప్పిందంటే తెల్లగా మెరుస్తాయి. నైట్ హెరాన్ పిల్ల రెక్కలు విప్పినా గోధుమ రంగే.

తామరాకుల మీద నడిచే జకానాల్లోనూ ఇలాంటి జంటే ఉంది. బ్రాంజ్ వింగ్డ్ జకానా పెద్దదైతే నలుపు, కంచు రంగుల్లో మెరుస్తూ ఉంటుంది. పిల్లకు పైన గోధుమ రంగు, కింద తెలుపు. చూడ్డానికి ఫెజెంట్ టెయిల్డ్ జకానాలా అనిపిస్తుంది. ఇక్కడా ఎగిరినప్పుడే తేలుతుంది. ఫెజెంట్ టెయిల్డ్ రెక్కలు తెలుపు, బ్రాంజ్ వింగ్డ్ రెక్కలు ముదురు రంగు. జకానాల్లో పిల్లల్ని సాకేది తండ్రి. అవసరమైతే పిల్లల్ని రెక్కల కింద ఇరికించుకుని మోసుకుపోతాడు కూడా. ఈ మాట క్లాసులో చెప్పిన రోజు ఆడపిల్లలందరూ చప్పట్లు కొట్టారు. నాన్నలు గమనించగలరు.

ఫోటోలో ఉన్నది పిల్లా పెద్దా అని తెలుసుకోవడానికి ఈకల అంచులు బాగా సాయపడతాయి. పిల్లకు మొదటి ఈకలన్నీ ఇంచుమించు ఒకేసారి వస్తాయి. కాబట్టి అన్నీ కొత్తగా, ఒకే తీరుగా ఉంటాయి. చాలా పక్షుల్లో వీపు మీది ప్రతి ఈకకూ లేత రంగు అంచు ఉండి, చేప పొలుసులు పేర్చినట్టు కనిపిస్తుంది. పెద్ద పక్షికి పాత ఈకలు, కొత్త ఈకలు కలిసి ఉంటాయి. కొన్ని అరిగి, కొన్ని వెలిసి ఉంటాయి. ఎర్రటి పొడుగు కాళ్ల బ్లాక్ వింగ్డ్ స్టిల్ట్‌ను మీరు నగర శివారు చెరువుల్లో చూసే ఉంటారు. దాని పిల్లకు కాళ్లలో ఆ ఎరుపు ఇంకా రాదు. రెక్కలు నల్లగా కాక గోధుమ రంగులో, లేత అంచులతో ఉంటాయి. ఆ పొడుగు కాళ్లు, సన్నటి నిటారు ముక్కు మాత్రం అప్పటికే అమ్మవే.

వలస పక్షుల్లోనూ ఈ అంచులు పనికొస్తాయి. పులికాట్, కోరింగ తీరాల్లో బురదలో తిరిగే కర్లూ శాండ్‌పైపర్ సైబీరియా ఉత్తరపు కొసన గుడ్లు పెడుతుంది. అక్కడి నుంచి పెద్దవి ముందు బయల్దేరతాయి, పిల్లలు తర్వాత బయల్దేరతాయి. దారి చూపించడానికి అమ్మా నాన్నా పక్కన లేకుండానే వేల కిలోమీటర్లు దాటి వచ్చేస్తాయి. ఆగస్టు, సెప్టెంబర్ నెలల్లో అరిగిన ఈకలతో కనిపించేవి పెద్దవి, పొలుసుల అంచులతో కొత్తగా మెరిసేవి ఆ ఏడే పుట్టిన పిల్లలు. శీతాకాలం ముదిరేసరికి పిల్లలు కూడా ఈకలు మార్చుకుంటాయి, అప్పుడు తేడా పట్టుకోవడం కష్టం.

ఒక్క ఫోటో చాలదు

మీరు పంపే ఫోటోల గురించి కొన్ని మాటలు.

సాయంత్రపు ఎండలో తెల్లకొంగ కూడా నారింజ రంగులో పడుతుంది. బురద అంటితే పసుపు కాళ్లు నల్లబడతాయి. పక్షి ఎదురుగా నిలబడి మీవైపు చూస్తే పెద్ద నత్తగుల్ల కొంగ ముక్కులో సందు కూడా కనిపించదు. అందుకని ఒకే పక్షిని నాలుగైదు ఫోటోలు తీయమనండి. పక్క నుంచి ఒకటి, కాళ్లు కనిపించేలా ఒకటి, కుదిరితే ఎగిరేటప్పుడు ఒకటి. ఫోటో అందంగా రాకపోయినా పర్వాలేదు. మసకగా ఉన్నా రెక్కలు విప్పిన ఫోటో ఒకటుంటే చాలాసార్లు అదే జవాబు చెప్పేస్తుంది.

వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో సైజు తగ్గుతుంది, ఎప్పుడు ఎక్కడ తీశారన్న వివరాలు పోతాయి. డాక్యుమెంట్‌గా పంపండి. లేదంటే ఊరు, తేదీ, సమయం, పక్షి ఏం చేస్తోంది అన్నవి పిల్లల చేతే ఒక వాక్యంలో రాయించండి. పక్కన ఏ పక్షులున్నాయో కూడా రాయమనండి. పక్కన ఉన్నంత మాత్రాన అమ్మే అని చెప్పలేం, కాని ఎక్కడ వెతకాలో తెలుస్తుంది.

యాప్‌లు వాడొద్దని నేను అనను. నేనూ వాడతాను. కాకపోతే ముందు పిల్ల తాను చూసింది రాయాలి, ఆ తర్వాత యాప్ తెరవాలి. వరస తారుమారైతే యాప్ చెప్పిందే కళ్లకు కనిపిస్తుంది.

ఒంటరిగా ఉంటే అనాథ అని కాదు

ఇది అన్నిటికన్నా ముఖ్యమైన విషయం. దయచేసి ఇంట్లో అందరికీ చదివి వినిపించండి.

తీతువు పిట్ట గూడు కట్టదు. నేల మీద, గులకరాళ్ల మధ్య చిన్న గుంటలో గుడ్లు పెడుతుంది. అపార్ట్‌మెంట్లు కట్టే ఖాళీ స్థలాల్లో, స్కూల్ గ్రౌండ్ అంచుల్లో, ఒక్కోసారి డాబాల మీద కూడా పెడుతుంది. గుడ్డులోంచి బయటికి వచ్చిన కొద్ది గంటల్లోనే పిల్ల నడుస్తుంది, తన మేత తానే ఏరుకుంటుంది. తల్లీ తండ్రీ కాస్త దూరం నుంచి కాపలా కాస్తారు. ఏదైనా అలికిడైతే పెద్దవి గోలగోలగా అరుస్తూ మీద మీదికి వస్తాయి. పిల్ల మాత్రం నేలకు కరుచుకుని కదలకుండా ఉండిపోతుంది. మట్టి రంగు, మచ్చలు ఉంటాయి కాబట్టి పక్కనే నిలబడినా కనిపించదు.

కదలకుండా పడి ఉన్న ఆ పిల్లను చూసి, పాపం దెబ్బ తగిలిందేమో, తల్లి వదిలేసిందేమో అనుకుంటాం. పోయిన వేసవిలో ఒక కుటుంబం అలాంటి పిల్లను చెప్పుల డబ్బాలో పెట్టుకుని నా దగ్గరికి తెచ్చారు. జాలితో చేసిన పనే. దొరికిన చోటికే వెళ్లి, అదే రాళ్ల మధ్య దాన్ని వదిలి, దూరంగా కారులో కూర్చున్నాం. అరగంట దాకా ఏమీ జరగలేదు. తర్వాత ఒక పెద్ద తీతువు వచ్చి వాలింది, మెల్లగా పిలిచింది. రాయిలా ఉన్నది లేచి కాళ్లు కూడదీసుకుని దాని రెక్క కిందికి పరిగెత్తింది. డబ్బా తెచ్చిన బాబు ఇంటికెళ్లేదాకా ఒక్క మాట మాట్లాడలేదట.

పిల్ల పక్షి కనిపిస్తే ఒక్క ఫోటో తీసుకుని వెనక్కి వచ్చేయండి. పెద్దవి అరుస్తున్నాయంటే మీరు మరీ దగ్గరగా ఉన్నారని అర్థం. మీరు అక్కడే నిలబడినంతసేపూ అవి పిల్ల దగ్గరికి రాలేవు, పైన కాకులు, గద్దలు చూస్తూ ఉంటాయి. గుడ్లను, గూళ్లను కదిలించడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం కూడా. రక్తం కారుతున్నా, కుక్క పట్టినా సంగతి వేరు. అప్పుడు అటవీ శాఖ వాళ్లకు చెప్పాలి.

"నాకు ఆ సందు ఎప్పుడొస్తుంది?"

చివరగా మా ఇంటి మాట ఒకటి చెబుతాను. నేను టీచర్‌నే కాదు, ఇద్దరు పిల్లల తల్లిని కూడా. మా అమ్మాయి నాలుగేళ్లకే పేపర్‌లో హెడ్డింగులు చదివేసేది. చిన్నవాడికి ఏడేళ్లు నిండినా అక్షరాలు కూడబలుక్కోవాల్సి వచ్చేది. ఇంటికి వచ్చిన చుట్టాలు "అక్కకి ఈ వయసుకి..." అని మొదలుపెట్టేవారు. చెడ్డ మనసుతో అనేవారు కాదు. వాడు మాత్రం కాలింగ్ బెల్ మోగితే లోపలి గదిలోకి వెళ్లిపోవడం అలవాటు చేసుకున్నాడు.

ఒక రోజు రాత్రి నేను క్లబ్ ఫోటోలు చూస్తుంటే పక్కన కూర్చున్నాడు. నత్తగుల్ల కొంగ పిల్లను చూపించి, దీనికి ఇంకా సందు రాలేదురా, పెరిగాక వస్తుంది అన్నాను. కాసేపు చూసి, "అమ్మా, నాకు ఆ సందు ఎప్పుడొస్తుంది?" అన్నాడు.

వస్తుంది నాన్నా అన్నాను. ఎప్పుడో మాత్రం చెప్పలేదు, నాకు తెలియదు కాబట్టి. మరుసటి వారమే మేమిద్దరం వాణ్ని స్పెషల్ ఎడ్యుకేటర్ దగ్గరికి తీసుకెళ్లాం. ఆగడం అంటే పట్టించుకోకుండా వదిలేయడం కాదు కదా. ఇప్పుడు వాడు ఐదో తరగతి. చదువుతాడు, నెమ్మదిగానే చదువుతాడు. బెల్ మోగితే తలుపు వాడే తీస్తున్నాడు.

పక్షులకీ పిల్లలకీ ఒక పెద్ద తేడా ఉంది. నత్తగుల్ల కొంగ పిల్ల పెరిగితే నత్తగుల్ల కొంగే అవుతుంది. పెద్ద పక్షి బొమ్మ పుస్తకంలో ముందే ఉంది. మన పిల్లలు పెరిగితే ఎవరవుతారో చూపించే బొమ్మ ఏ పుస్తకంలోనూ లేదు. పక్కింటి అబ్బాయి అది కాదు, అక్క కూడా అది కాదు. పోయిన నెల ప్రోగ్రెస్ కార్డులు తీసుకోవడానికి మీరు వచ్చినప్పుడు చాలామంది "ఇంకా రాలేదు మేడమ్" అన్నారు. ఆ మాటతో పాటు, ఇప్పుడు ఏం ఉందో కూడా ఒక వాక్యం రాసుకోండి. ఆ ఏడో తరగతి అమ్మాయి రాసినట్టే.

ఫిబ్రవరిలో మీ వంతు

ప్రతి ఫిబ్రవరిలో నాలుగు రోజుల పాటు గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ జరుగుతుంది. మన దేశంలో స్కూళ్లు, కాలేజీలు దాన్ని క్యాంపస్ బర్డ్ కౌంట్‌గా చేస్తాయి. ఎక్కడైనా కనీసం పదిహేను నిమిషాలు నిలబడి, కనిపించిన పక్షుల్ని లెక్కపెట్టి ఈబర్డ్‌లో నమోదు చేయాలి. అమీన్‌పూర్ చెరువుకే వెళ్లక్కర్లేదు, మీ కాలనీ చివరి కుంట అయినా సరిపోతుంది.

ఆ ఈబర్డ్‌లో నాకు బాగా నచ్చిన ఏర్పాటు ఒకటుంది. పేరు తేలకపోతే "ఏదో ఒక ఈగ్రెట్", "ఏదో ఒక శాండ్‌పైపర్" అని నమోదు చేయవచ్చు. ప్రపంచమంతా వాడే లెక్కల్లోనే అంతవరకు మాత్రమే తెలుసు అని చెప్పడానికి చోటుంది. మీ పిల్లల ప్రాజెక్టుల్లో కూడా ఆ చోటు ఉంటుంది. తెలిసినంత వరకు రాసి, ఎందుకు అక్కడ ఆగారో రాస్తే పూర్తి మార్కులు.

ఫోటోలు పంపుతూనే ఉండండి. రాత్రి పదింటికైనా సరే. "పేరేంటి?" అని అడిగే ముందు మీ పిల్ల ఏం చూసిందో ఆ ఒక్క వాక్యం మాత్రం మర్చిపోకండి.

మీ
నేచర్ క్లబ్ మేడమ్